నేల టిక్కెట్టు మీద ఆకాశం

ఆ రోజు 2024 మే 19, ఆదివారం. రాత్రి ఎనిమిదయింది. పెద్దముడియంలో మా వంటింట్లో నేను సంగటి కెలుకుతున్నాను. మా వదినె రోటి దగ్గర కూర్చుని ఊరుబిండి నూరుతోంది. సెలవులకు వచ్చిన మనవరాలు చేతిలో ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“అవ్వా, మన విజయవాడ ఆయన రాకెట్టెక్కి అంతరిక్షంలోకి పోతాండాడు! బిరీన రా, సూడు!”

సంగటి కట్టె చేతిలోనే ఉంది. అలాగే వెళ్ళి చూశాను. విజయవాడలో పుట్టి అమెరికాలో స్థిరపడిన తోటకూర గోపీచంద్ అనే విమాన చోదకుడు, మరి అయిదుగురితో కలిసి, టెక్సాస్ ఎడారిలో నిలబెట్టిన ఓ ప్రైవేటు రాకెట్టులో కూర్చుని ఉన్నాడు. సర్కారు పంపడం లేదు. అది బ్లూ ఆరిజిన్ అనే కంపెనీ వాళ్ళ బండి.

“ఎన్నాళ్ళకొస్తాడంట?” అని అడిగింది వదినె, నూరడం ఆపకుండానే.

“పది నిముషాలకు!” అంది పిల్ల.

“అంటే మీ అవ్వ సంగటి దించేలోగా వచ్చేస్తాడు. బాగుంది!”

నిజంగా అలాగే జరిగింది. రాకెట్టు నూరు కిలోమీటర్లు దాటి పైకి పోయింది. నూరు కిలోమీటర్లంటే మరేం లేదు, దాదాపు మా ఊరినుంచి కడపకు బస్సులో పోయినంత దూరం. కాకపోతే నిట్టనిలువుగా. పైన కొద్ది నిముషాలు బరువు లేకుండా తేలారు, కిటికీలోంచి చూశారు, గొడుగులు విచ్చుకున్నాయి, దిగారు. మూడు గొడుగుల్లో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు కానీ, మిగతా రెండూ క్షేమంగా దించాయి. మా మనవరాలు చప్పట్లు కొట్టింది.

వదినె మాత్రం చేతులు కడుక్కుని, “అంత డబ్బు పోసి అంతెత్తుకు పోయి, పది నిముషాల్లో ఏం జూసినట్టు?” అంది.

నేను ఉలిక్కిపడ్డాను. సరిగ్గా ఈ ప్రశ్నే అరవై ఏళ్ళ కిందట మా అవ్వ అడిగింది. అడిగింది ఏ రాకెట్టు గురించో కాదు, ‘మాయాబజార్’ సినిమా గురించి!

ఆ కథ చెప్పాలి. మా అవ్వ మమ్మల్నందర్నీ ఎద్దులబండిలో ఎక్కించుకుని, నల్లరేగడి దారిలో జమ్మలమడుగు తీసుకుపోయి ఆ సినిమా చూపించింది. నేల టిక్కెట్టు. ముందు వరసలో ఇసుకలో కూర్చుంటే తెర మొత్తం మన మీదికి ఒంగినట్టుండేది. ఘటోత్కచుడు నిద్రపోతున్న శశిరేఖను మంచంతో సహా ద్వారకనుంచి ఎత్తుకుని ఆకాశంలో తీసుకుపోతుంటే, నేను ఊపిరి బిగబట్టి అవ్వ కొంగు పట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు బండిలో పడుకుని నక్షత్రాలు చూస్తూ, “అవ్వా, మనమూ అట్ల పోతే ఎంత బాగుండు!” అన్నాను.

“ఏం బాగమ్మే! ఆ బిడ్డ నిద్దరపోతాండె గదా. అంతెత్తున పోయి ఏం జూసినట్టు? వచ్చి ఎవురికి ఏం జెప్పినట్టు?” అంది అవ్వ.

అప్పుడు నాకు ఆ మాట రుచించలేదు. ఇప్పుడు, డబ్బుండీ ఆకాశానికి పోయొచ్చిన వాళ్ళ చరిత్ర చదువుతుంటే, మా అవ్వ అడిగిన రెండు ప్రశ్నలే ఆ చరిత్రకంతా గీటురాయి అనిపిస్తోంది. ఏం చూశారు? వచ్చి ఏం చెప్పారు?

డబ్బు కట్టి ఆకాశానికి పోవడం నిన్నా మొన్నా పుట్టిన ముచ్చట కాదు. 1990 డిసెంబరులో జపాన్‌లో ఒక టెలివిజన్ కంపెనీ తన విలేకరి తొయొహిరో అకియామాను డబ్బు కట్టి రష్యావాళ్ళ ‘మీర్’ కేంద్రానికి పంపింది. ఆయన సిగరెట్లు విపరీతంగా కాల్చే మనిషి. పైన తల తిరిగి, వాంతులై నానా అవస్థా పడ్డాడు. అయినా అక్కడినుంచే వార్తలు చెప్పాడు. తమాషా ఏమిటంటే, తిరిగొచ్చిన కొన్నేళ్ళకు ఆ ఉద్యోగం మానేసి, ఫుకుషిమా ప్రాంతపు పల్లెలో రైతయ్యాడు. పుట్టగొడుగులు పండించుకున్నాడు. అంతెత్తునుంచి చూసొచ్చిన మనిషికి చివరికి మట్టే నచ్చిందన్నమాట!

మరుసటి ఏడాది, 1991 మేలో, హెలెన్ షర్మన్ అనే ఇంగ్లీషు అమ్మాయి వెళ్ళింది. ఆమె చాక్లెట్ల కంపెనీలో రసాయన శాస్త్రజ్ఞురాలు. కారులో ఇంటికి పోతూ రేడియోలో ప్రకటన విని దరఖాస్తు పెట్టుకుంది. వేలమందిలో ఆమెను ఎంపిక చేశారు. బ్రిటన్‌నుంచి అంతరిక్షానికి పోయిన మొట్టమొదటి మనిషి ఆమే, మగాళ్ళలోనూ ఆడవాళ్ళలోనూ!

తన జేబులోంచి తీసి టిక్కెట్టు కొన్న తొలి మనిషి మాత్రం డెనిస్ టిటో. ఒకప్పుడు అంగారకుడికి దారులు లెక్కకట్టిన ఇంజనీరు, తర్వాత డబ్బు వ్యాపారంలో బాగా సంపాదించాడు. 2001 ఏప్రిల్ 28న, అరవై ఏళ్ళ వయసులో, సుమారు రెండు కోట్ల డాలర్లిచ్చి రష్యా రాకెట్టెక్కాడు. సొంత దేశపు ‘నాసా’ వద్దు వద్దంటున్నా ఆయన ఆగలేదు. మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ సేట్లయినా ఆ లెక్క వింటే ఓసారి కూర్చుని మంచినీళ్ళడుగుతారు.

2006 సెప్టెంబరులో వంతు అనూషే అన్సారీది. ఇరాన్‌లో పుట్టి, పదహారేళ్ళకో పదిహేడేళ్ళకో అమెరికా చేరి, కష్టపడి చదివి కంపెనీ పెట్టి పైకొచ్చిన స్త్రీ. సొంత డబ్బుతో పోయిన తొలి మహిళ. పైనుంచి రోజువారీ అనుభవాలు రాసి పంపింది. వాటిలో ఒకటి నాకెంతో ఇష్టం. అంతరిక్షానికి ఒక వాసన ఉందట. ఎలా ఉందంటే, మాడిన బాదం బిస్కెట్టులా ఉందట! చూశారా, పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు పేజీలు నింపినా మన ముక్కుకు అందని సంగతి, వంటింటి మాట ఒకటి పడేసరికి ఎలా అందిందో!

అంతకుముందు ఆమె కుటుంబమే కోటి డాలర్ల బహుమతికి ముఖ్యమైన దాతలుగా నిలిచింది. సర్కారు సొమ్ము లేకుండా కట్టిన బండి, రెండు వారాల్లో రెండుసార్లు నూరు కిలోమీటర్ల ఎత్తుకు పోయి రావాలని పందెం. 2004 అక్టోబరు 4న ఒక చిన్న రెక్కల బండి ఆ పందెం గెల్చింది. దాని వంశంలోని బండిలోనే 2021 జులై 11న గుంటూరు ప్రాంతపు మూలాలున్న మన తెలుగమ్మాయి, బండ్ల శిరీష, సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు పోయొచ్చింది. ఆమె టిక్కెట్టు కొన్న యాత్రికురాలు కాదు, ఆ కంపెనీలోనే అధికారిణి. చేతిలో మొక్కల మీద చేసే ప్రయోగం కూడా పట్టుకుపోయింది. ఆ బండి చివరిసారిగా 2024 జూన్‌లో ఎగిరి విశ్రాంతి తీసుకుంది.

సరే, పోయారు. ఏం చూశారు?

‘మాయాబజార్’ మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో ప్రియదర్శిని అని ఒక పెట్టె ఉంటుంది. అందులోకి చూస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, వాళ్ళమ్మ రేవతికి నగలు కనిపిస్తాయి. ఈ అంతరిక్ష నౌక కిటికీ కూడా ఒక ప్రియదర్శినే అని నా అభిప్రాయం. చంద్రుణ్ణీ నక్షత్రాలనూ చూద్దామని లక్షలు, కోట్లు పోసి పోయినవాళ్ళు, తీరా పోయాక కిటికీకి మొహం ఆనించి వెనక్కి తిరిగి భూమినే చూస్తారు. వదిలి వచ్చిన ఇల్లే కనిపిస్తుంది. పుట్టింటినుంచి అత్తారింటికి పోయే బండిలో పిల్ల వెనక్కి తిరిగి చూసినట్టు! ఈ అనుభవం ఎంత మందికి కలిగిందంటే, 1987లో ఫ్రాంక్ వైట్ అనే అమెరికన్ రచయిత దానికి ఒక పేరు పెట్టి పుస్తకమే రాశాడు. 1968 డిసెంబరు 24న చంద్రుడి చుట్టూ తిరిగిన ముగ్గురిలో విలియం ఆండర్స్ తీసిన ఫోటో మీరంతా చూసిందే. బూడిదరంగు చంద్రుడి అంచు మీదినుంచి నీలిగా పైకొస్తున్న భూమి. చంద్రుడికోసం పోయి ఇంటి ఫోటో తెచ్చారు!

ఇక రెండో ప్రశ్న. వచ్చి ఏం చెప్పారు? ఇక్కడే కళ అవసరం పడింది.

1965 మార్చిలో అలెక్సీ లియొనోవ్ అనే రష్యన్ నౌకనుంచి బయటికొచ్చి శూన్యంలో తేలిన మొట్టమొదటి మనిషి అయ్యాడు. లోపలికొచ్చాక ఆయన చేసిన పని, రంగు పెన్సిళ్ళు తీసి సూర్యోదయం బొమ్మ వేయడం. పెన్సిళ్ళు ఎగిరిపోకుండా దారంతో మణికట్టుకు కట్టుకున్నాడట, మనం బజారుకు పోయేటప్పుడు చిన్నపిల్లల చేతిని కొంగుకు ముడేసుకున్నట్టు. అంతరిక్షంలో గీసిన తొలి బొమ్మ అదే. 1969లో చంద్రుడి మీద నడిచిన అలన్ బీన్ 1981లో ఉద్యోగం వదిలేసి, మిగిలిన జీవితమంతా చంద్రుడి బొమ్మలు వేస్తూ గడిపాడు. చంద్రుడి ధూళి అంటిన తన సూటు గుర్తుల ముక్కలు రంగుల్లో కలిపేవాడు.

మన రాకేశ్ శర్మ మాత్రం? 1984 ఏప్రిల్‌లో ఆయన పైన ఉండగా ప్రధాని ఇందిరాగాంధీ, మన దేశం అక్కడినుంచి ఎలా కనిపిస్తోందని అడిగారు. ఆయన వైమానిక దళం మనిషి. అక్షాంశాలూ రేఖాంశాలూ చెప్పొచ్చు. చెప్పలేదు. చిన్నప్పుడు బడిలో పాడుకున్న ఇక్బాల్ కవి పాటలోని మొదటి మాటలతో జవాబిచ్చాడు. దేశమంతా పులకించిపోయింది. మాట దొరకని చోట మనిషికి పాటే దిక్కయింది.

టిక్కెట్టు కొన్నవాళ్ళలోనూ ఈ తపన ఉన్నవాళ్ళున్నారు. సర్కస్ కంపెనీ స్థాపించిన గై లాలిబెర్టే 2009లో పోయి, పైనుంచే అయిదు ఖండాల్లోని 14 నగరాలను కలిపి, తాగునీటి కరువు గురించి పెద్ద కళాప్రదర్శన జరిపాడు. 2021 సెప్టెంబరులో సియాన్ ప్రాక్టర్ అనే నల్లజాతి అధ్యాపకురాలు పోటీలో కవిత చదివి సీటు గెల్చుకుని, మూడు రోజులు కక్ష్యలో తిరుగుతూ నీటిరంగులతో బొమ్మలు వేసింది. కవిత్వం రాసి టిక్కెట్టు సంపాదించడం మన శ్రీనాథుడి కాలం తర్వాత ఇదేనేమో! అదే ఏడాది అక్టోబరులో, సినిమాల్లో అంతరిక్ష నౌక కెప్టెన్‌గా వేషం వేసిన విలియం షాట్నర్ తొంభయ్యో ఏట నిజంగానే పోయాడు. పైన ఆ నల్లని శూన్యం చూసేసరికి ఆయనకు ఆనందం బదులు చావు గుర్తుకొచ్చి, కింద నీలిగా ఉన్న భూమి మీద దుఃఖం ముంచుకొచ్చిందని తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. దిగగానే కెమెరాల ముందే కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

అలాగని ధనవంతులు తలుచుకుంటే కళ దానంతటదే పుడుతుందనుకోకండి. జపాన్ కోటీశ్వరుడు యుసాకు మయెజావా 2018లో ఒక గొప్ప ప్రకటన చేశాడు. చంద్రుణ్ణి చుట్టివచ్చే నౌకలో సీట్లన్నీ తానే కొని, కళాకారులను ఉచితంగా తీసుకుపోతానన్నాడు. 2022 డిసెంబరులో పేర్లూ ప్రకటించాడు. ఫోటోగ్రాఫర్లు, సంగీతకారులు, మన దేశంనుంచి దేవ్ జోషీ అనే టీవీ నటుడు. ఆ పిల్లలందరూ ఎన్ని కలలు కన్నారో! రాకెట్టు తయారీ ఆలస్యమైంది. 2024 జూన్ 1న ప్రయాణం రద్దు చేశామని చెప్పేశాడు. పెళ్ళి పత్రికలు పంచాక సంబంధం తప్పిపోయిన ఇల్లులా అయింది వాళ్ళ పరిస్థితి.

మళ్ళీ మన గోపీచంద్ ఎక్కిన రాకెట్టు దగ్గరికొద్దాం. మా మనవరాలు ఆయన్ని చూస్తూంటే, నేను ఆయనతో కూర్చున్న మరొకర్ని చూస్తూ ఉండిపోయాను. తొంభయ్యేళ్ళ నల్లజాతి ముసలాయన. పేరు ఎడ్ డ్వైట్. వృత్తి శిల్పి.

ఈయన కథ వింటే కళ్ళు చెమరుస్తాయి. 1960ల మొదట్లో ఆయన అమెరికా వైమానిక దళంలో చురుకైన పైలటు. కెనెడీ ప్రభుత్వపు ప్రోత్సాహంతో, వ్యోమగాములను తీర్చిదిద్దే శిక్షణకు ఎంపికైన తొలి నల్లజాతి మనిషి. పత్రికల్లో బొమ్మలు, పొగడ్తలు. కానీ 1963లో నాసా ప్రకటించిన జాబితాలో ఆయన పేరు లేదు. 1966లో దళం వదిలి బయటికొచ్చాడు. ఇళ్ళ వ్యాపారం, హోటలు, ఇలా బతుకుతెరువు వెదుక్కున్నాడు. నలభై దాటాక ఉలి పట్టాడు. విశ్వవిద్యాలయంలో చేరి 1977లో శిల్పకళలో పట్టా తీసుకున్నాడు. బానిసత్వంనుంచి పారిపోయిన వాళ్ళ బొమ్మలు, హక్కులకోసం పోరాడిన వాళ్ళ బొమ్మలు, చరిత్రలో పేరెక్కని వాళ్ళ బొమ్మలు, నూరుకు పైగా కంచు శిల్పాలు ఊరూరా నిలబెట్టాడు. తనను ఆకాశంలోకి రానివ్వని దేశపు కూడళ్ళలో, తనలాంటి వాళ్ళ విగ్రహాలు నిలబెట్టాడన్నమాట. అరవై ఏళ్ళ తర్వాత ఒక సంస్థ ఆయన టిక్కెట్టు ఖర్చు భరించింది. దిగాక ఆయన అన్నదేమిటంటే, ఇది నా జీవితానికి అక్కర్లేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అది అబద్ధం, నాకిది కావలసే ఉండింది అని.

ఇలాంటిదే ఇంకొకామె ఉంది. వాలీ ఫంక్ 1961లో మగ వ్యోమగాములకు పెట్టిన వైద్యపరీక్షలు నెగ్గినా, ఆడదానివి పొమ్మన్నారు. 2021 జులైలో, ఇదే కంపెనీ మనుషులతో పంపిన తొలి ప్రయాణంలో, 82వ ఏట ఆమె పోయొచ్చింది. ఆ ప్రయాణంలోనే ఒక సీటును వేలం వేస్తే రెండు కోట్ల ఎనభై లక్షల డాలర్లు పలికింది. ఒకే బండిలో ఒక సీటుది వేలంపాట, మరో సీటుది అరవై ఏళ్ళ ఎదురుచూపు!

మా ఊరికీ ఒక శిల్పి ఉన్నాడు లెండి, ఆయన పేరెవరికీ తెలియదు. పెద్దముడియం పాత ఊరు. చాళుక్యుల శాసనాల్లో, గర్భవతి అయిన రాణికి విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చిన ముడివేము అగ్రహారం ఇదేనంటారు చరిత్రకారులు. ఇక్కడ దొరికిన ఒక చిన్న శిలాఫలకం మద్రాసు మ్యూజియం చేరింది. వినాయకుడు, బ్రహ్మ, నరసింహుడు, శివలింగం, విష్ణువు, శ్రీవత్స రూపంలో లక్ష్మి, మహిషాసురమర్దిని, ఇంకా కొందరు, అందరూ ఒకే వరసలో ఆ చిన్న రాతి మీద ఉన్నారు. ఏ వెయ్యిన్నర ఏళ్ళ కిందటో, శనగ చేల మధ్య కూర్చున్న మనిషి, తాను చూడని లోకాలనన్నింటినీ పలక మీదికి దించాడు. టిక్కెట్టు లేదు, రాకెట్టు లేదు.

‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ నాగిరెడ్డిగారూ మా కడప జిల్లా పొట్టిపాడులో పుట్టినవారే. 1947లో చక్రపాణిగారితో కలిసి పిల్లలకు ‘చందమామ’ను ఇంటికి పంపారు. 1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వంలో మనందర్నీ ఆకాశంలో తిప్పారు. ద్వారక అంటే చిన్న చిన్న బొమ్మ ఇళ్ళు. పడవ పాటలోని వెన్నెల మార్కస్ బార్ట్లే కెమెరాలో కాసిన వెన్నెల. అయితేనేం, ఇసుకలో కూర్చున్న మా అవ్వకు అది చాలింది. రాత్రంతా దాన్ని గురించే మాట్లాడింది.

ఈ మాటలన్నీ సంగటి వడ్డిస్తూ చెప్పుకొచ్చాను. మా వదినె తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. “అదంతా సరే, ఆ డబ్బుతో ఎన్ని ఊళ్ళకు నీళ్ళొస్తాయో చెప్పు” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మా వైపు వేసవి చూసిన వాళ్ళెవరూ ఆ ప్రశ్నను కొట్టిపారెయ్యలేరు. కానీ డబ్బున్నవాడు పోక మానడు. పోయేవాడు ఎలాగూ పోతాడు కనక, మనం ఒక్కటి అడగొచ్చు. ప్రతి బండిలోనూ ఒక సీటు, డబ్బు లేకపోయినా చూసింది చెప్పగలిగిన వాళ్ళకివ్వండి. శిల్పికివ్వండి, బుర్రకథ చెప్పేవాడికివ్వండి, తెల్లవారుజామున వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గువేసే ఇల్లాలికివ్వండి. అది ఏ కోటీశ్వరుడి దయో కాకుండా, బండి నడిపేవాళ్ళ నియమంగా ఉండాలి. లేకపోతే ఏమవుతుందో జపాన్ ముచ్చటలో చూశాం కదా.

మా మనవరాలు ముద్ద నోట్లో పెట్టుకుంటూ, “ఆ సీటు నీకిస్తే పోతావా అవ్వా?” అంది.

“ఎందుకు పోను? నిద్రపోకుండా, కిటికీ పక్కనే కూర్చుని పోతా” అన్నాను.

మా వదినె ఇంకొంచెం ఊరుబిండి నా పళ్ళెంలో వేస్తూ, “పోతే పో. వచ్చి అంతా వివరంగా చెప్పకపోతే మాత్రం, ఈ వాకిలి తియ్యను” అంది.